కొత్త ఓడ - పాత కొరడా

ఇనుప కోట

ఇది ఒక ఓడ కథ. ఆ ఓడ పేరు మినాస్ జెరాయిస్. అది సరుకులు మోసే ఓడ కాదు. మనుషుల్ని దాటించే ఓడ కాదు. యుద్ధం కోసం కట్టిన ఓడ. ఇలాంటి ఓడను యుద్ధనౌక అంటారు.

ఈ ఓడ బ్రెజిల్ దేశానిది. బ్రెజిల్ దక్షిణ అమెరికా ఖండంలో ఉంది. మన దేశం కంటే రెండు రెట్లకు పైగా పెద్దది. దానికి తూర్పున అట్లాంటిక్ మహాసముద్రం. అక్కడివాళ్ళు మాట్లాడేది పోర్చుగీసు భాష. ఆ దేశంలో మినాస్ జెరాయిస్ అనే రాష్ట్రం ఉంది. ఆ రాష్ట్రం పేరే ఓడకు పెట్టారు.

ఓడను మాత్రం బ్రెజిల్‌లో కట్టలేదు. ఇంగ్లండులో కట్టారు. న్యూకాజిల్ అనే ఊళ్ళో, టైన్ నది ఒడ్డున, ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ కట్టింది. 1908 సెప్టెంబరు 10న ఓడను నీళ్ళలోకి దింపారు. తర్వాత యంత్రాలు, ఫిరంగులు బిగించారు. 1910 జనవరిలో బ్రెజిల్‌కు అప్పగించారు.

అది ఎంత ఓడ? పొడవు 165 మీటర్లు. ఏడు రైలు పెట్టెలు వరసగా నిలిపితే ఎంత పొడవో అంత. బరువు సుమారు 19,000 టన్నులు. ఓడ నడుము చుట్టూ తొమ్మిది అంగుళాల మందాన ఉక్కు పలకలు తొడిగారు. శత్రువు గుండు తగిలినా లోపలికి దిగకూడదని ఆ ఏర్పాటు.

ఓడ మీద 12 పెద్ద ఫిరంగులు ఉన్నాయి. ఒక్కొక్క ఫిరంగి నోరు అడుగు వెడల్పు. అందులో పెట్టే గుండు ఒక్కోటి సుమారు 385 కిలోలు. అంటే ఐదు వడ్ల బస్తాల బరువు. పేలిస్తే ఆ గుండు మైళ్ళ దూరం పోయి పడుతుంది.

ఇంత బరువు కదలాలంటే ఎంత బలం కావాలి? ఓడ అడుగున 18 బాయిలర్లు ఉండేవి. మనుషులు పారలతో బొగ్గు ఎత్తి వాటిలో వేసేవాళ్ళు. నీళ్ళు మరిగి ఆవిరి పుట్టేది. ఆ ఆవిరితో ఓడ నడిచేది.

ఇలాంటి ఓడలు ఎందుకు కట్టారు? 1906లో ఇంగ్లండు డ్రెడ్‌నాట్ అనే యుద్ధనౌకను కట్టింది. పెద్ద ఫిరంగులు అన్నేసి ఒకే ఓడ మీద అంతకు ముందు ఎవరూ పెట్టలేదు. అది రాగానే పాత యుద్ధనౌకలన్నీ దాని ముందు తీసికట్టు అయిపోయాయి. ఇక దేశాలు పోటీ పడ్డాయి. నీకు ఒకటి ఉంటే నాకు రెండు కావాలి అన్నట్టు సాగింది పోటీ. బ్రెజిల్ కూడా రెండు కొన్నది. ఒకటి మినాస్ జెరాయిస్. రెండోది సావ్ పావ్లో.

ఆ రోజున లోకంలో ఉన్న అతి బలమైన యుద్ధనౌకల్లో మినాస్ జెరాయిస్ ఒకటి. బ్రెజిల్ పెద్దలు దాన్ని చూసి పొంగిపోయారు.

ఆ డబ్బు ఎక్కడిది?

ఓడలు కొనడానికి బ్రెజిల్‌కు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? కాఫీ నుంచి వచ్చింది. రబ్బరు నుంచి వచ్చింది. బ్రెజిల్ కాఫీని లోకమంతా తాగేది.

ఆ కాఫీ తోటల్లో చెమట కార్చింది ఎవరు? చాలా కాలం బానిసలే. పోర్చుగీసువాళ్ళు, ఇతర వర్తకులు ఆఫ్రికా నుంచి నల్లవాళ్ళను పట్టి తెచ్చారు. ఓడల్లో కుక్కి తెచ్చారు. సంతలో పశువుల్ని అమ్మినట్టు అమ్మారు. మూడు వందల ఏళ్ళకు పైగా ఇది సాగింది. 40 లక్షల మందికి పైగా మనుషుల్ని ఇలా బ్రెజిల్‌కు తెచ్చారు.

బానిసకు కూలి లేదు. సొంత ఇల్లు లేదు. తల్లి ఒక చోట, బిడ్డ ఒక చోట. యజమాని చేతిలో కొరడా. పని ఆలస్యమైతే దెబ్బ. ఎదురు మాట్లాడితే దెబ్బ.

1888 మే 13న బ్రెజిల్‌లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం వచ్చింది. అమెరికా ఖండాలలో అందరికంటే చివర రద్దు చేసిన దేశం బ్రెజిలే. చట్టం కోసం ఎందరో పోరాడారు. బానిసలు పారిపోయి పోరాడారు. చదువుకున్న కొందరు సభల్లో మాట్లాడారు, పత్రికల్లో రాశారు. అలా పోరాడినవాళ్ళలో జోకిమ్ నబూకో ఒకడు. తర్వాత ఆయన అమెరికాలో బ్రెజిల్ రాయబారి అయ్యాడు. 1910 జనవరిలో అక్కడే చనిపోయాడు.

ఆయన శవాన్ని ఒక అమెరికా ఓడ స్వదేశానికి తెచ్చింది. దానికి తోడుగా వచ్చిన ఓడ ఏదో తెలుసా? మినాస్ జెరాయిస్. కొత్త ఓడ స్వదేశానికి చేసిన మొదటి ప్రయాణం అదే. బానిసత్వం పోవాలని పోరాడిన మనిషికి గౌరవంగా వెంట నడిచింది.

కాని ఆ ఓడ లోపల ఒక కొరడా ఉంది.

ఓడలో పనివాళ్ళు

ఒక ఓడలో రెండు రకాల మనుషులు ఉండేవాళ్ళు. అధికారులు కొందరు. నావికులు వందల మంది.

అధికారులు దాదాపు అందరూ తెల్లవాళ్ళు. కలిగిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. నావికుల్లో ఎక్కువమంది నల్లవాళ్ళు. చాలామంది బానిసల బిడ్డలు, మనవలు. కొందరిని చిన్నతనంలోనే తెచ్చి చేర్చారు. కొందరిని పోలీసులు వీధుల్లో పట్టుకుని నౌకాదళానికి అప్పగించారు. ఒకసారి చేరితే పది, పదిహేను ఏళ్ళు బయటికి రావడానికి లేదు.

బొగ్గు ఎత్తేది నావికులు. ఓడ కడిగేది నావికులు. ఫిరంగి తుడిచేది, గుండు పెట్టేది నావికులు. జీతం తక్కువ. తిండి చాలీ చాలనిది. పెద్ద ఓడలు వచ్చాయి గాని, దానికి తగినంత మంది మనుషులు లేరు. ఇద్దరు చేసే పని ఒకడి మీద పడింది.

తప్పు చేస్తే కొరడా దెబ్బలు. అందరినీ వరసగా నిలబెట్టి వాళ్ళ కళ్ళ ముందు కొట్టేవాళ్ళు. రోజుకు 25 దెబ్బలకు మించకూడదని నియమం. ఆ నియమం కాగితం మీదే ఉండేది. కొట్టే తాడుకు సూదులు గుచ్చేవారని కూడా ఆ సంగతులు రాసినవాళ్ళు చెప్పారు.

1889లో బ్రెజిల్‌లో రాజు పోయి ప్రజల ప్రభుత్వం వచ్చింది. కొత్త ప్రభుత్వం నౌకాదళంలో కొరడా దెబ్బలను రద్దు చేసింది. ఏడాది తిరక్కుండానే మళ్ళీ తెచ్చింది. పొలంలో బానిసను కొట్టడం చట్టానికి విరుద్ధం. ఓడలో బానిస బిడ్డను కొట్టడం మాత్రం చట్టమే!

ఆ నావికుల్లో ఒకడి పేరు జోవావ్ కాండిడో. 1880లో బ్రెజిల్ దక్షిణాన ఒక పల్లెలో పుట్టాడు. అతని తల్లిదండ్రులు బానిసత్వం అనుభవించినవాళ్ళు. పదిహేనేళ్ళు నిండకముందే నౌకాదళంలో పడ్డాడు. పని బాగా నేర్చాడు. ఓడ చుక్కాని పట్టి నడపడంలో మంచి పేరు తెచ్చుకున్నాడు.

1909లో కాండిడోను, ఇంకా చాలామంది నావికులను ఇంగ్లండు పంపారు. కొత్త ఓడ నడపడం నేర్చుకోవాలి కదా! న్యూకాజిల్‌లో వాళ్ళు యంత్రాల పని నేర్చారు. దానితో పాటు మరో సంగతి కూడా చూశారు. అక్కడి కూలీలకు సంఘాలు ఉన్నాయి. జీతం పెంచమని అందరూ కలిసి అడుగుతారు. అక్కడి నావికులను కొరడాతో కొట్టడం అప్పటికే మానేశారు.

ఈ నావికులు రహస్యంగా మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చాక కూడా ఓడ ఓడకూ కబురు పెట్టుకున్నారు. అడగాలి అనుకున్నారు. ఎప్పుడు అన్నదే ప్రశ్న.

250 దెబ్బలు

1910 నవంబరు నెల. బ్రెజిల్ రాజధాని అప్పుడు రియో డి జనీరో. అందమైన నగరం. ముందు పెద్ద అఖాతం. అఖాతంలో యుద్ధనౌకలు లంగరు వేసి ఉన్నాయి. నవంబరు 15న కొత్త అధ్యక్షుడు పదవిలోకి వచ్చాడు. ఆయన పేరు హెర్మెస్ డ ఫోన్సేకా.

మినాస్ జెరాయిస్ ఓడలో మార్సెలీనో అనే నావికుడు ఉన్నాడు. ఒక గొడవలో తోటివాణ్ణి మంగలికత్తితో గాయపరిచాడు. అది తప్పే. తప్పుకు శిక్ష ఉండాలి. కాని ఏం శిక్ష వేశారు? 250 కొరడా దెబ్బలు!

నావికులందరినీ వరసగా నిలబెట్టారు. డప్పులు మోగించారు. కొట్టడం మొదలుపెట్టారు. దెబ్బలు తింటూ మార్సెలీనో సొమ్మసిల్లి పడిపోయాడు. అయినా కొట్టడం ఆపలేదు. లెక్క పూర్తయ్యేదాకా కొట్టారు.

తర్వాత పార్లమెంటు సభ్యుడు ఒకాయన ఓడ ఎక్కి మార్సెలీనో వీపు చూశాడు. ఆయన పూర్వం నౌకాదళంలో పనిచేసినవాడే. తిరిగి వచ్చి సభలో చెప్పాడు. ఉప్పు పట్టించడానికి నిలువునా గాట్లు పెట్టిన చేపలాగా ఉంది ఆ వీపు అన్నాడు.

ఇక నావికులు ఆగలేదు. నవంబరు 22 రాత్రి పది గంటల వేళ తిరగబడ్డారు. కెప్టెన్ బాటిస్టా దాస్ నెవెస్ బయట విందుకు వెళ్ళి అప్పుడే ఓడకు తిరిగి వచ్చాడు. ఓడ మీద కొట్లాట జరిగింది. కెప్టెన్ చనిపోయాడు. మరికొందరు అధికారులు, కొందరు నావికులు కూడా చనిపోయారు. మిగిలిన అధికారులను ఒడ్డుకు పంపేశారు.

మినాస్ జెరాయిస్ ఒక్కటే కాదు. సావ్ పావ్లో, బహియా, డియోడోరో అనే మరి మూడు ఓడలు కూడా నావికుల చేతికి వచ్చాయి. రెండు వేల మందికి పైగా నావికులు ఒక్కటయ్యారు. జోవావ్ కాండిడోను తమ నాయకుడిగా పెట్టుకున్నారు.

ఆ రాత్రి ఓడల నుంచి ఫిరంగులు పేలాయి. ఒక గుండు నగరంలో పడింది. ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆ పిల్లలకు ఈ తగాదాతో ఏ సంబంధమూ లేదు. ఈ కథ చెప్పుకునేటప్పుడు ఆ సంగతి దాచకూడదు.

ఒక అర్జీ

దేశంలోకెల్లా పెద్ద ఓడలు నావికుల చేతిలో ఉన్నాయి. ఫిరంగులు రాజధాని వైపు తిరిగి ఉన్నాయి. వాళ్ళు ఏం అడిగారు? బంగారం అడిగారా? రాజ్యం అడిగారా?

వాళ్ళు ఒక కాగితం రాసి అధ్యక్షుడికి పంపారు. నావికుల్లో ఎక్కువమందికి చదువు లేదు. చదువు వచ్చిన కొద్దిమంది ముందే కూర్చుని ఆ అర్జీ రాశారు. అందరి మాటా అందులో పెట్టారు.

మేము ఈ దేశ పౌరులం, ఈ బానిసత్వం ఇక భరించలేము అని అందులో చెప్పారు. తర్వాత తమ కోరికలు రాశారు. అవి ఇవి:

1. కొరడా దెబ్బలు, ఇలాంటి శిక్షలు ఆపాలి. వాటికి చోటిచ్చే చట్టాన్ని మార్చాలి.
2. నావికులను హింసించే, పని చేతకాని అధికారులను తీసెయ్యాలి.
3. జీతం పెంచాలి.
4. రోజుకు ఎంత పనో లెక్క ఉండాలి. ఆ లెక్క అమలు కావాలి.
5. చదువు, పనితనం లేని నావికులకు నేర్పించాలి.

చివరి కోరిక మళ్ళీ ఒకసారి చదవాలి. మాకు చదువు చెప్పండి అని అడిగారు! వీపు మీద దెబ్బలు ఆరని మనుషులు అడిగిన కోరిక అది.

జవాబు చెప్పడానికి అధ్యక్షుడికి 12 గంటల గడువు ఇచ్చారు. తిరగబడినందుకు తమను శిక్షించకూడదని కూడా అడిగారు. అలా శిక్ష లేకుండా వదిలెయ్యడాన్ని క్షమాభిక్ష అంటారు.

నాలుగు రోజులు

నగరంలో గగ్గోలు పుట్టింది. కొందరు మూటా ముల్లే సర్దుకుని ఊరు విడిచి పోయారు. కొందరు సముద్రం ఒడ్డుకు వచ్చి ఓడలను చూస్తూ నిలబడ్డారు.

వాళ్ళు చూసింది నమ్మలేకపోయారు. అంత పెద్ద ఓడలు అఖాతంలో అటూ ఇటూ చక్కగా తిరుగుతున్నాయి. ఒకదానికొకటి తగలడం లేదు. మలుపు దగ్గర తడబడటం లేదు. నడిపేది అధికారులు కాదు. కొరడా దెబ్బలు తిన్న నావికులే! వీళ్ళకు ఏమీ రాదు, కొడితేనే పని చేస్తారు అని అన్నాళ్ళూ చెప్పారు. ఆ మాట అబద్ధమని నగరమంతా కళ్ళారా చూసింది. పత్రికలు జోవావ్ కాండిడోకు ఒక పేరు పెట్టాయి. నల్ల అడ్మిరల్. అడ్మిరల్ అంటే నౌకాదళంలో పెద్ద అధికారి.

ప్రభుత్వంలో కొందరు ఓడలను పేల్చేద్దాం అన్నారు. కాని ఆ ఓడలకు ఎంతో డబ్బు పోశారు. పైగా ఫిరంగుల ఎదురుగా నగరం ఉంది. పార్లమెంటులో వాదన జరిగింది. రుయ్ బర్బోజా అనే పేరున్న నాయకుడు నావికుల తరఫున మాట్లాడాడు.

నవంబరు 25న పార్లమెంటు క్షమాభిక్ష చట్టం చేసింది. కొరడా ఆపుతామని మాట ఇచ్చారు. నవంబరు 26న నావికులు ఓడలను తిరిగి అప్పగించారు.

నాలుగు రోజుల్లో పోరాటం ముగిసింది. నావికులు గెలిచారు. అలాగే అనుకున్నారు.

మాట తప్పారు

నవంబరు 28న, అంటే ఓడలు అప్పగించిన రెండు రోజులకే, ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. తమకు గిట్టని నావికుణ్ణి ఎవరినైనా ఉద్యోగం నుంచి తీసెయ్యవచ్చు అన్నది. వెయ్యి మందికి పైగా నావికులను తీసేశారు. క్షమాభిక్ష ఇచ్చిన చెయ్యే మెడ పట్టి గెంటింది.

డిసెంబరులో పాముల దీవి అనే చోట మరో దళం తిరగబడింది. రియో అఖాతంలోనే ఉంది ఆ దీవి. కాండిడో ఆ తిరుగుబాటులో చేరలేదు. అయినా అతన్ని పట్టుకుని జైల్లో వేశారు. వందల మందిని పట్టుకున్నారు.

కొందరు నావికులను సాటెలిటే అనే ఓడ ఎక్కించి దూరాన ఉన్న అమెజాన్ అడవుల వైపు పంపారు. నగరంలో పట్టుకున్న పేదవాళ్ళను, ఆడవాళ్ళను కూడా అదే ఓడలో ఎక్కించారు. దారిలో కొందరు నావికులను కాల్చి చంపారు.

1910 డిసెంబరు 24 రాత్రి. పండుగ ముందు రోజు. మర్నాడు క్రిస్‌మస్. పాముల దీవి జైల్లో ఒక చిన్న కొట్టులో 18 మందిని తోశారు. కొండరాయి తొలిచిన కొట్టు అది. గాలి సరిగా ఆడదు. నేలంతా సున్నం నీళ్ళతో కడిగారు. నీళ్ళు ఆరిపోయాక సున్నం పొడి లేచింది. ముక్కుల్లోకి, గొంతుల్లోకి పోయింది. లోపలివాళ్ళు అరిచారు. తలుపు తియ్యలేదు.

తలుపు తీసేసరికి 16 మంది చనిపోయి ఉన్నారు. ఇద్దరే బతికారు. ఆ ఇద్దరిలో కాండిడో ఒకడు.

తర్వాత అతనికి మతి చెడిందని పిచ్చాసుపత్రికి పంపారు. అక్కడి నుంచి మళ్ళీ జైలుకు తెచ్చారు. నల్లవాళ్ళ సంఘం ఒకటి అతని తరఫున వకీళ్ళను పెట్టింది. ఎవరిస్తో డి మొరాయిస్ అనే వకీలు వాదించాడు. 1912 చివర కోర్టు తీర్పు చెప్పింది. కాండిడో నేరం చెయ్యలేదు అన్నది. విడుదల చేశారు. కాని ఉద్యోగం ఇవ్వలేదు.

సూదీ దారమూ

జైల్లో ఉన్న రోజుల్లో కాండిడో ఒక పని చేశాడు. గుడ్డ మీద రంగు దారాలతో బొమ్మలు కుట్టాడు. అవును, కుట్టు పని. ఆ రోజుల్లో నావికులు సూది పట్టేవాళ్ళు. చిరిగిన బట్టలు, తెరచాప గుడ్డలు వాళ్ళే కుట్టుకోవాలి కదా!

అతను కుట్టిన రెండు తువాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఒకదాని మీద లంగరు, కలిసిన రెండు చేతులు ఉన్నాయి. నావికుడు సెలవు తీసుకుంటున్నట్టు కుట్టాడు. ఇంకో దాని మీద ఒక గుండెకాయ ఉంది. దానిలో కత్తి దిగి ఉంది. నెత్తురు చుక్కలు కారుతున్నాయి. చుట్టూ పూలు, పిట్టలు ఉన్నాయి. పైన ప్రేమ అనే మాట కుట్టాడు.

పదహారు మంది తన పక్కనే ఊపిరాడక చనిపోతే చూసిన మనిషి అతను. ఆ బాధ ఎవరితో చెప్పుకుంటాడు? సూదితో గుడ్డకు చెప్పుకున్నాడు. ఆ తువాళ్ళు సావ్ జోవావ్ డెల్ రే అనే ఊరి మ్యూజియంలో ఉన్నాయి. ఆ ఊరు ఏ రాష్ట్రంలో ఉందో తెలుసా? మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో. ఓడకు పేరు ఇచ్చిన రాష్ట్రంలోనే.

చేపల బజారు

బయటికి వచ్చాక కాండిడోకు ఓడ పని సరిగా దొరకలేదు. పేరు చెబితేనే భయపడేవాళ్ళు. రియో రేవు దగ్గర చేపల బజారు ఉండేది. అక్కడ చేపలు మోశాడు, అమ్మాడు. పింఛను లేదు. ఒకప్పుడు తన చేతి కింద తిరిగిన ఓడలు అదే అఖాతంలో కనిపిస్తూ ఉండేవి.

పేదరికంలోనే ముసలివాడయ్యాడు. 1969 డిసెంబరులో చనిపోయాడు. అప్పటికి అతని వయసు 89 ఏళ్ళు.

చనిపోయాక కూడా అతని పేరంటే పెద్దలకు గిట్టలేదు. 1970ల్లో బ్రెజిల్‌లో సైన్యం పాలన ఉండేది. అతని మీద ఇద్దరు కవి గాయకులు ఒక పాట కట్టారు. అందులో అడ్మిరల్ అనే మాట ఉండటానికి వీల్లేదన్నారు అధికారులు. ఆ మాట మార్పించారు.

కాని ఒక్క సంగతి ఎవరూ మార్చలేకపోయారు. ఆ తిరుగుబాటు తర్వాత బ్రెజిల్ నౌకాదళంలో కొరడా ఆగిపోయింది. అర్జీలో రాసిన మొదటి కోరిక నెరవేరింది. దాని ఫలం అనుభవించింది కాండిడో కాదు. అతని తర్వాత వచ్చిన వేల మంది నావికులు.

ఓడ ఏమైంది?

మినాస్ జెరాయిస్ ఓడ మరో నలభై ఏళ్ళు బతికింది. పెద్దగా యుద్ధం చేసింది లేదు. 1930ల్లో దాన్ని బాగు చేశారు. బొగ్గుకు బదులు నూనెతో నడిచేలా మార్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో సాల్వడోర్ అనే రేవుకు కాపలాగా నిలిపారు. 1952లో పని నుంచి తప్పించారు. తర్వాత పాత ఇనుము కింద అమ్మేశారు. 1954లో దాన్ని ఇటలీలోని జెనోవా రేవుకు లాక్కుపోయి ముక్కలు చేశారు.

లోకంలో కెల్లా బలమైన ఓడల్లో ఒకటి అన్నారు కదా! దాని ఫిరంగులు ఏ శత్రు దేశాన్నీ గెలవలేదు. ఆ ఓడ పేరు ఇప్పటికీ చెప్పుకుంటున్నారంటే ఆ నాలుగు రోజుల వల్లనే.

2008లో బ్రెజిల్ పార్లమెంటు మళ్ళీ ఒక చట్టం చేసింది. కాండిడోకు, అతని తోటి నావికులకు క్షమాభిక్ష ఇచ్చింది. మొదటి క్షమాభిక్ష నాటి నుంచి అప్పటికి దాదాపు 98 ఏళ్ళు గడిచాయి. తీసుకోవడానికి వాళ్ళలో ఎవరూ మిగల్లేదు. వాళ్ళ కుటుంబాలకు నష్టపరిహారం ఇవ్వాలన్న మాటను మాత్రం అధ్యక్షుడు చట్టంలోంచి తీసేశాడు. గౌరవం ఇచ్చారు, డబ్బు ఇవ్వలేదు.

అదే ఏడాది నవంబరు 20న రియోలో, రేవు దగ్గరి కూడలిలో కాండిడో విగ్రహం నిలబెట్టారు. అతను చేపలు అమ్మిన చోటు అక్కడే.

2010లో బ్రెజిల్‌లోనే ఒక పెద్ద నూనె ఓడను కట్టి నీళ్ళలోకి దింపారు. దాని పొడవు 274 మీటర్లు. మినాస్ జెరాయిస్ కంటే వంద మీటర్లకు పైగా పొడవు. ఆ ఓడకు పెట్టిన పేరు జోవావ్ కాండిడో.

కొత్త మాటలు

యుద్ధనౌక - యుద్ధం చెయ్యడానికి కట్టిన ఓడ
నావికుడు - ఓడలో పని చేసే మనిషి
నౌకాదళం - సముద్రం మీద దేశాన్ని కాచే సైన్యం
అఖాతం - భూమి లోపలికి చొచ్చుకొని వచ్చిన సముద్రం
లంగరు - ఓడ కదలకుండా నీళ్ళలోకి దించే బరువైన ఇనుప కొక్కెం
చుక్కాని - ఓడను కావలసిన వైపు తిప్పే సాధనం
అర్జీ - కోరికలు రాసి అధికారులకు ఇచ్చే కాగితం
ఉత్తర్వు - ప్రభుత్వం ఇచ్చే ఆజ్ఞ
క్షమాభిక్ష - శిక్ష లేకుండా వదిలెయ్యడం

చదివి చెప్పండి

1. మినాస్ జెరాయిస్ ఓడను ఏ దేశంలో కట్టారు? ఏ దేశం కోసం కట్టారు?
2. బ్రెజిల్‌లో బానిసత్వం ఏ సంవత్సరంలో రద్దయింది? ఓడలో కొరడా ఎన్నేళ్ళ తర్వాత ఆగింది? లెక్క కట్టండి.
3. నావికుల అర్జీలో ఎన్ని కోరికలు ఉన్నాయి? వాటిలో మీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఏది?
4. చిన్న కొట్టులో పెట్టిన 18 మందిలో ఎంతమంది బతికారు?

కలిసి మాట్లాడుకోండి

1. కొడితేనే పని చేస్తారు అనే మాట మీరు ఎక్కడైనా విన్నారా? ఎవరి గురించి అన్నారు? ఎవరు అన్నారు?
2. నావికులు తమ కోరికలు నోటితో చెప్పకుండా కాగితం మీద ఎందుకు రాశారు?
3. ప్రభుత్వం మాట ఇచ్చి తప్పింది. మాట తప్పకుండా చూసుకోవాలంటే నావికులు ఇంకేం చేసి ఉండవచ్చు?
4. మీ ఊరికి కావలసిన ఒక పని అనుకోండి. నీళ్ళు కావచ్చు, దారి కావచ్చు, బడి కావచ్చు. అందరూ కలిసి మాట్లాడుకుని ఒక అర్జీ రాయండి. కింద మీ సంతకాలు మీరే చెయ్యండి.